తెరుచుకోని ప్రోగ్రాములు, నీ దరఖాస్తు

అమ్మాయీ,

నీ ఉద్యోగ దరఖాస్తు పెన్ డ్రైవులోకి ఎక్కించి నీ అద్దం ముందు పెట్టాను. సాయంత్రం ఐదు గంటల్లోపు పంపాలన్నావు కదా, పక్కింటి టీచరమ్మ కంప్యూటర్లో పంపు. ఆవిడతో చెప్పాను. మనదాని జోలికి పోకు.

మన కంప్యూటర్‌ను నడిపే లినక్స్ సంగతి నాకు అంతుపట్టడం లేదు. మొదటినుంచీ ఉన్న ప్రోగ్రాములన్నీ తెరుచుకుంటున్నాయి. తర్వాత దాని యాప్ స్టోర్ నుంచి దించుకున్నవి మాత్రం, బ్రౌజరుతో సహా, ఒక్కటీ లేవడం లేదు. బాగుచేసే ఆయనకు ఫోన్ చేస్తే, "అవి గదిలో పెట్టి గడియ వేసినట్టుంటాయి పెద్దాయనా, మీ ఫైళ్లన్నీ ఉండే హోమ్ ఫోల్డర్ పాత చోట లేకపోతే వాటికి దారి తెలీదు" అన్నాడు. ఫైళ్లు నా కళ్లకు కనబడుతున్నాయి, వాటికి కనబడవట. ఇదెక్కడి చోద్యమో. సాయంత్రం ఆయన వస్తాడు, తలుపు తియ్యి. నేను మోటారు బాగుచేయించడానికి వెళ్తున్నాను.

మీ మామయ్య

నిన్న అందరి ముందూ నువ్వే ఏదో నొక్కి చెడగొట్టావన్నాను. నువ్వు ఒకే గ్లాసు మూడుసార్లు కడిగావు. డిస్కు నిండిందని మొన్న హోమ్ ఫోల్డర్‌ను కొత్త డిస్కులోకి మార్చింది నేనే. మీ అత్తయ్యకు చెప్పేశాను. నీ ఎదుట చెప్పడానికి నోరు రాలేదు.