రెండో వాయిదా నువ్వే కట్టు

చిన్నా,

దేవుడే నయం చేసేటప్పుడు డాక్టరుకు ఫీజెందుకని నాకు ఏళ్లుగా ఒక సందేహం. పొద్దున దండం పెట్టుకుంటూ మళ్లీ అడిగాను. జవాబు రాలేదు గానీ, నీ రెండో వాయిదాకు గడువు మాత్రం ఇవాళే.

అత్తయ్యను కళ్ల డాక్టరుకు చూపించడానికి మీ అన్నయ్యా నేనూ వెళ్తున్నాం. సాయంత్రం దాకా రాము. ఆ మాత్రలకు నిద్ర ఎక్కువ కదా అని నిన్ను లేపలేదు. డబ్బు ఫ్రిజ్ మీద కవరులో ఉంది. తిని, మాత్ర వేసుకుని, సెంటరుకు నువ్వే వెళ్లి కట్టు. తాగినన్నాళ్లూ ఏనాడూ రసీదు అడగలేదు, మానడానికి కట్టేటప్పుడైనా అడిగి తీసుకో. బడి వెనక సందులోంచి వెళ్తే బారు ఎదురుపడదు. ఏ దారిన వెళ్తావో నీ ఇష్టం.

మీ అన్నయ్య, "వాడి చేతికి అంత డబ్బా? రేపు నేనే కడతాలే" అన్నారు. రెండుసార్లు కవరు జేబులో పెట్టుకున్నారు, రెండుసార్లూ నేనే లాక్కున్నాను. ఇన్నేళ్లూ నీకు భయపడి పర్సు బియ్యం డబ్బాలో దాచాను. ఒకరోజు అన్నంలో బస్సు టికెట్టు వచ్చింది. ఇక దాచడం నావల్ల కాదు. కట్టి వస్తావనే నా నమ్మకం. కాస్త భయం కూడా ఉంది, లేదని ఎందుకు చెప్పాలి?

వదిన

మర్చిపోయాను. నేను కాపురానికి వచ్చిన కొత్తలో బస్టాండులో నా చెప్పు తెగితే, కుట్టించుకోమని నీ జేబులో చిల్లరంతా ఇచ్చావు. నువ్వు తిరిగి అడగలేదు, నేను ఇవ్వలేదు. ఆ చిల్లర కవరు పక్కన విడిగా పెట్టాను. అది నీ డబ్బు, దానికి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.