బాబా పొగ మిషన్

అల్ రువైస్,
సెప్టెంబర్ 2022

ముత్తవ్వకు నీ పెనిమిటి రాయునది. నేను వేళకు తింటున్నాను, ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ పిల్లలూ అవ్వా బాగున్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. వానలు కూడా బాగా పడ్డాయన్నావు, సంతోషం.

ఫోన్ ఉండగా జవాబు కూడా ఉత్తరంలోనే ఎందుకని అనుకుంటావు. ఆకు చుట్టేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు కాబట్టి నువ్వు ఫోన్‌ను చాట పక్కన పెట్టి స్పీకర్ మీద మాట్లాడతావు. చుట్టూ కూర్చుని బీడీలు చుట్టేవాళ్లందరూ వింటారు. మొన్న నేను దగ్గితే నీకంటే ముందే గంగాబాయి అందుకుంది, "ఏంది బావా, గట్ల దగ్గుతున్నవ్, దుబాయ్‌ల చలి వెడుతుందా?" అని. ఇప్పుడు రాసేది వాళ్లు వినాల్సిన సంగతి కాదు. మన ఊరి లింగన్న ఆదివారం సెలవు మీద వస్తున్నాడు. అతని చేతికి ఇస్తాను. తీరిగ్గా చదువుకో.

"బంతాట అయిపోతే అక్కడోళ్లకు పని ఉండదట, నిజమేనా?" అని అడిగావు. కట్టుబడి పనులవాళ్లను కొందరిని ఇప్పటికే పంపించేస్తున్నారు. నాది ఇంటి డ్రైవర్ పని, దానికీ ఈ ప్రపంచ కప్పు ఆటకూ సంబంధం లేదు. రువైస్ ఖతర్‌కు ఉత్తరాన చివర ఉన్న చేపల ఊరు. ఇక్కడికి ఆట రాదు, జెండాలు మాత్రం వచ్చాయి. కాకపోతే మా ముసలి యజమాని బాబా కొడుకు అహ్మద్ అలీ ఆటకు వచ్చే జనాన్ని మోసే బస్సుల ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఆట దగ్గర పడ్డకొద్దీ ఇంటికి రావడం తగ్గించి, ముసలి తండ్రిని నాకు అప్పజెప్పి దోహాలోనే ఉంటున్నాడు.

ఇక నగేష్ సంగతి. "అక్కడ కరెంటు బీడీ దొరుకుతదట, తాగినట్టే ఉంటదట, దగ్గు రాదట, మా తమ్మునికొకటి పంపు" అని రాశావు. పంపను. ఎందుకో తెలియాలంటే బాబా మిషన్ కథ అంతా చెప్పాలి.

అది చూడటానికి బీడీలా ఉండదు. అరచేతిలో పట్టేంత, నల్లగా, బరువుగా, ఇనుప అగ్గిపెట్టెలా ఉంటుంది. ఫోన్‌కు పెట్టినట్టే చార్జింగ్ పెట్టాలి. చిన్న సీసాలోంచి మందు పోయాలి. పీలిస్తే ఆ మందు వేడెక్కి ఆవిరొస్తుంది. బాబా జీవితమంతా సిగరెట్లు తాగి ఊపిరి పాడుచేసుకున్నాడు. ఇంకా తాగితే మనిషి దక్కడని డాక్టర్ చెప్పాడు. అప్పుడు అహ్మద్ అలీ లండన్ నుంచి ఈ మిషన్ తెచ్చాడు. అన్నిటిలోకీ ఖరీదైన రకమట, చెడిపోదట, ఒకవేళ చెడిపోతే కంపెనీ కొత్తది ఇస్తుందట.

దాన్ని నా చేతిలో పెట్టి, "బాబా సిగరెట్ ఖలాస్. ఈ మిషన్ నీ డ్యూటీ. చార్జింగ్, సఫాయీ, అంతా నువ్వే. బాబా దగ్గర పొగ వాసన వచ్చిందంటే వీసా క్యాన్సిల్, యల్లా ఇండియా" అన్నాడు. కోపంగా అనలేదు. బండి మీద రాసిన నంబరు చదివినట్టు అన్నాడు.

రంజాన్ నుంచి ఎండలు ముదిరేదాకా అది బాగానే నడిచింది. ఒకరోజు ఎర్ర దీపం కొట్టుకోవడం మొదలైంది. పీలిస్తే గుడ్డ కాలిన వాసన. "రాజేశం, హాదా మాఫీ జేన్" అన్నాడు బాబా. ఇది బాగాలేదని. ఇక్కడ మాఫీ అంటే లేదు, కాదు అని. తుడిచాను, మందు మార్చాను, ఎండలో పెట్టాను. లాభం లేదు. అహ్మద్ అలీకి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నాడు. "కంపెనీకి రాయి, మంచి కంపెనీ, వాళ్లు చూసుకుంటారు" అని పెట్టేశాడు.

దోహా జదీదాలో మెట్‌పల్లి ఖుత్బుద్దీన్‌కు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. అక్కడికి తీసుకెళ్లాను.

"ఏందన్నా, ముసలితనంల నువ్వు గూడ షోకులు మొదలువెట్టినవా?" అన్నాడు.

"నాది గాదు, బాబాది. కంపెనీకి రాయాలె."

నేను చెప్తుంటే అతను ఫోన్‌లో ఇంగ్లీషులో టైపు కొట్టాడు. అవతల ఒక అమ్మాయి వెంటనే జవాబిచ్చింది. ఖుత్బుద్దీన్ గొంతు సవరించుకుని చదివాడు: "మిస్టర్ రాజేశం, మీకు కలిగిన ఇబ్బందికి మేము చాలా చింతిస్తున్నాము." చదివి నా వైపు చూశాడు. "ఇన్నావన్నా, మిస్టర్ అయినవ్ నువ్వు!"

మిషన్ నంబరు అడిగింది, పంపాం. ఫొటో అడిగింది, పంపాం. దీపం కొట్టుకునే వీడియో అడిగింది, అదీ తీసి పంపాం. ప్రతిదానికీ నా ఓపికకు కృతజ్ఞతలు చెప్పింది. తర్వాత ఏ దేశమని అడిగింది. చెప్పాం. ఖతర్‌కు మా సర్వీసు లేదు, అయినా పై అధికారిని అడిగి రేపు చెప్తానంది.

ఖుత్బుద్దీన్ నవ్వాడు. "ఈ దేశంల గిది అమ్ముడే బంద్ గదనే. ఇగ సర్వీసేడికెళ్లి వస్తది? పోయి పోలీస్ ఠాణాల కంప్లైంట్ ఇచ్చిరాపో!"

చివర్లో, మా సేవ మీకు నచ్చిందా, చుక్కల గుర్తులు ఇవ్వండని వచ్చింది.

"అయిదు ఇయ్యి" అన్నాను.

"పని గాలే, అయిదెందుకే? ఒక్కటిచ్చి రెండు తిట్లు రాద్దాం."

"ఆ పిల్లేం జేసింది పాపం? మర్యాదగ మాట్లాడింది. ఇన్నేండ్ల సంది ఈ దేశంల నాకు సారీ చెప్పినోడు ఒక్కడున్నడా?"

ఖుత్బుద్దీన్ అయిదు నొక్కాడు.

మళ్లీ దోహా వెళ్లినప్పుడు చూస్తే పై అధికారి జవాబు లేదు. కస్టమర్ పూర్తిగా సంతృప్తి చెందాడు, ఫిర్యాదు పరిష్కారమైంది, మూసేశాం అని ఉంది. ఇంకోసారి రాస్తే, ఈ నంబరు మిషన్ సంగతి ముగిసిందని అదే వాక్యం తిరిగొచ్చింది. "ఖుషీ అని నువ్వే చెప్తివి గదనే" అన్నాడు ఖుత్బుద్దీన్. తనే విప్పి చూశాడు. లోపల కాలిపోయిందట, బయట సామాను దొరకదట.

నేను చాలా ఆలోచించాను ముత్తవ్వా. నీ కట్టలో బీడీ వదులుగా ఉంటే కార్ఖానావాడు నీ ముందే తీసి పారేస్తాడు. ఆ నష్టం నీదే. అది అన్యాయమే, కాని ఎవరి మీద పడిందో కంటికి కనిపిస్తుంది. ఇక్కడ అందరూ మర్యాదగా మాట్లాడారు, ఎవరి మీదా ఏమీ పడలేదు. చివరికి బాబా మీద పడింది.

నువ్వు అడిగిన మూడో సంగతికి జవాబు రాయకుండా ఇంతదాకా వచ్చాను. "పోయినసారి పంపిన బీడీలు అయిపోయినయా? ఈసారి లింగన్నతోని ఎక్కువ పంపుత" అన్నావు. అయిపోయాయి. నేను తాగింది కొన్నే. మిగతావి బాబా తాగాడు.

మిషన్ పోయాక ఆయన తిండి మానేశాడు. ఊరికే అరిచేవాడు. ఒకరోజు సాయంత్రం అసర్ నమాజు తర్వాత రేవు దగ్గర ఆపితే కారు ముందున్న అర తెరిచి నీ బీడీ కట్ట తీశాడు. వాసన చూసి, "హిందీ సిగరెట్?" అన్నాడు.

"బాబా, వద్దు. డాక్టర్ మాఫీ చెప్పిండు."

"ఇంత, అనా, బస్. అహ్మద్ మాఫీ మాలూమ్" అన్నాడు. నువ్వూ నేనూ, అంతే, అహ్మద్‌కు తెలియదని.

అగ్గిపుల్ల నేనే గీశాను. మొదటి దమ్ముకు దగ్గాడు, తర్వాత నవ్వాడు. "హాదా మాఫీ ఖరబ్" అన్నాడు, ఇది చెడిపోయేది కాదని. నిజమే, నీ చేతి బీడీ ఒక్కటీ మధ్యలో ఆరలేదు. నీ పనిని ఆయన మెచ్చుకుంటే నాకు బాగానే అనిపించింది, అదీ దాచను. అప్పటి నుంచి రోజూ రేవు దగ్గర ఇదే వరస. అహ్మద్ అలీ ఫోన్ చేసి "మిషన్ తయ్యబ్?" అని అడిగేవాడు. తయ్యబ్, బాగుంది అనేవాణ్ని. నిజం చెప్తే వీసా పోతుందని భయం.

పోయిన వారం అక్కడే బాబాకు ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. ఆస్పత్రికి ఎట్లా నడిపానో నాకు గుర్తులేదు. అహ్మద్ అలీ దోహా నుంచి వచ్చాడు. ఏం పీలుస్తాడని డాక్టర్ అడిగితే ఆ మిషన్ చూపించి, ఇదొక్కటే, చాలా మంచి కంపెనీ అన్నాడు. డాక్టర్ దానిలోని మందు గురించి అడగడం మొదలుపెట్టాడు, పరీక్షకు పంపాలన్నాడు. వాళ్లు వెతికే చోట రోగం లేదని నాకు తెలుసు. జేబులోంచి బీడీ తీసి బల్ల మీద పెట్టాను.

"సార్, మిషన్ ఎండకాలం నుంచే ఖరాబ్. బాబా తాగింది ఇది. నేనే ఇచ్చిన."

డాక్టర్ దాన్ని తిప్పి చూసి, ఎవరు చేస్తారు ఇది అని అడిగాడు. మా ఊళ్లో చేస్తారని చెప్పాను. నీ పేరు చెప్పలేదు.

అహ్మద్ అలీ కొట్టలేదు, తిట్టలేదు. బయటికి వచ్చి కారు తాళం అడిగాడు, ఇచ్చాను. మర్నాడు తనే నన్ను పిలిపించాడు. నర్సు పెడితే బాబా గిన్నె తోసేస్తున్నాడట, రాజేశం ఏడని అడుగుతున్నాడట. "బాబా లేచి తిరిగేదాకా ఉండు. ఇంటికి నడిచి వచ్చిన రోజు నీకు ఇండియా టికెట్" అన్నాడు. సరే అన్నాను.

లింగన్న తిరిగి వచ్చేటప్పుడు బీడీలు పంపకు. నిన్ను చుట్టడం మానమని అనను, ఆ మాటకు నాకు నోరు లేదు. మన ఇల్లు దాని మీదే నడిచింది. నగేష్‌ను మాత్రం మిషన్ కోసం చూడకుండా దవాఖానకు తోలుకుపో. నా ఉద్యోగం సంగతి అవ్వకు నెమ్మదిగా చెప్పు.

బాబా ఎంత ఆలస్యంగా కోలుకుంటే నాకు అంత మేలు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమవుతుంది. ఇవాళ పొద్దున సూప్ తాగించి, నా భుజం ఇచ్చి లేపాను. కిటికీ దాకా నడిచాడు. రేపు వరండా దాకా నడిపిస్తాను.

ఇట్లు,
నీ పెనిమిటి
రాజేశం