నాన్న నెంబరు మానేస్తావా?

అక్కా, మాడ్రిడ్‌లో నేను కులాసా. నాన్న పోయాడని క్రిస్మస్ లాటరీలో ఆయన ఏటా కొనే నెంబరు మానేస్తానన్నావట, మతి ఉండే అన్నావా? మానేసిన ఏడే అది తగిలితే? ఆ భయానికే నిన్న ఆఫీసువాళ్లంతా కొనే నెంబరు కూడా కొన్నాను. వాళ్లందరికీ తగిలి నాకొక్కదానికే తప్పిపోతే నేను తట్టుకోలేను. "లక్ష నెంబర్లలో ఒక్కదానికే పెద్ద బహుమతి. అందులోనూ నలభై వేల యూరోలు దాటితే పైదాంట్లో ఐదో వంతు సర్కారుదే," అంటూనే నాన్న కొనేవాడు. తగలనప్పుడల్లా "పోన్లే, ఆరోగ్యముంది" అని నవ్వి బాదం అచ్చు విరిచి పంచేవాడు. నాన్న నెంబరు అమ్మే బారులో సటూరియో బాబాయిని ఆ టికెట్ మనకోసం దాచిపెట్టమను. నీ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు ముద్దులు. ఈసారీ తగలకపోతే నాన్న అనే ఆ మాట నువ్వే అనాలి. నాకు నోరు పెగలదు.

నీ చెల్లెలు,
బసిలీసా