న్యూక్లియర్ తీసుకున్నాను, జరీనా

జరీనా,

ఈరోజు మా ఏలూరు కాలేజీలో ఎమ్మెస్సీ స్పెషలైజేషన్ ఫారాలు ఇచ్చారు. డిగ్రీ మూడేళ్ళూ తాడేపల్లిగూడెం పాసింజర్‌లో వెళ్తూ మనిద్దరం అనుకున్నట్టే, న్యూక్లియర్ ఫిజిక్స్ అని రాసిచ్చాను. హెడ్ గారు చూసి నవ్వారు.

"ఆడపిల్లలంతా ఎలక్ట్రానిక్స్ తీసుకున్నారమ్మా. దీంట్లో రేడియేషన్ ఉంటుంది. రేపు పెళ్ళవ్వాలి, పిల్లలు పుట్టాలి కదా?" అంటూ, నన్నడక్కుండానే నేను రాసింది కొట్టేసి ఎలక్ట్రానిక్స్ అని రాశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అబ్బాయిలకి పిల్లలు అక్కర్లేదా అండీ?" అన్నాను. గదిలో ఉన్న లెక్చరర్లందరూ తలెత్తి చూశారు.

"ఏవిటా మాటలు?" అని ఆయన కేకలేశారు.

"నాకు ఇంకో ఫారం ఇప్పించండి. ఇచ్చేదాకా వెళ్ళనండి," అని నేనూ గట్టిగానే అన్నాను. గంటన్నర అక్కడే నిలబడ్డాను. చివరికి ఫారం బల్ల మీదికి విసిరారు. మళ్ళీ న్యూక్లియర్ అనే రాశాను. ఆయన సంతకం పెట్టక తప్పలేదు.

గెలిచి బయటికొచ్చాక కూడా కోపం తగ్గలేదు. మెట్లు దిగుతుంటే తెలిసింది, ఆ కోపం నీ మీదని. డిగ్రీ ఆఖరి ప్రాక్టికల్స్ పోతాయని పదిరోజులు జ్వరం దాచావు. కళ్ళు పచ్చబడితే "నిద్ర లేదే" అన్నావు, నేను నమ్మాను. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి లివర్ పాడైపోయిందన్నారు. నాలుగు రోజులకే పోయావు. ప్రాక్టికల్స్ మళ్ళీ రాసుకునేదానివి కదే! ఇవాళ ఆ గదిలో ఇద్దరం నిలబడాల్సింది. నన్నొక్కదాన్నే నిలబెట్టావు.

వాణి