నేను కోసిన మూడాకులు

పెన్సిల్వేనియా
అక్టోబరు నెల నడుమ, 1982

ప్రేమగల అమ్మకు నీ పెద్దకూతురు దీవెన వందనాలు చెప్పి రాస్తున్నది.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయాలి. ఇక్కడి మన తెలుగు కూడిక పాస్టరు గారు డిసెంబరు మొదట్లో మన వైపు వస్తున్నారు. మన సంఘంలో కూడా వాక్యం చెబుతారట. ఆయన నీ గురించి ఒక మాట వెంట తెస్తున్నారు. ఆ మాట అబద్ధం. దాన్ని ఆయనకు ఇచ్చింది నేనే. ఆయన నోట వినకముందే నువ్వు నా రాతలో వినాలి.

చెల్లీ సలోమీ, ఇది అమ్మకు ఒక్కదానికే చదివి వినిపించు. అరుగు మీద కూర్చుని గట్టిగా చదవొద్దు. ఊళ్ళో ఉత్తరాలు చదివిపెట్టే మాస్టారి చేతికి అసలే ఇవ్వొద్దు. కష్టమైన మాట వస్తే కూడబలుక్కుని చదువు, నీకు వచ్చు.

మీరంతా ఎలా ఉన్నారు? నాన్న దగ్గు తగ్గిందా? నేను పంపిన స్వెట్టరు వేసుకుంటున్నాడా, మడిచి పెట్టెలో దాచాడా? నాయనమ్మకు కళ్ళెలా ఉన్నాయి? నేను బాగున్నాను. వేళకు తింటున్నాను. చలి మొదలైంది గానీ మందపాటి కోటు ఉంది. నా గురించి దిగులు పడొద్దు.

డాక్టరు ప్రభాకరరావు గారూ, ఆయన భార్య సుగుణమ్మ గారూ తమ ఇంటి కింది గది నాకిచ్చారని రాశాను కదా. ఆ ఇంటి వెనక గడ్డి దాటితే ఒక చిన్న అడవి ఉంది. అడవి అంటే మన కొండవాలు అడవి అనుకోకు. ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పలుకుతారు. నడుమ సన్నటి వాగు. నేను వచ్చింది జనవరిలో. అప్పుడు ఒక్క చెట్టుకూ ఆకు లేదు. అన్నీ చచ్చిపోయాయనుకున్నాను. ఇంత కట్టె ఎవరూ కొట్టుకోకుండా వదిలేశారేమిటా అని కూడా అనుకున్నాను. మన మోదుగ ఆకు రాల్చినా ఒళ్ళంతా పూలు వేసుకుని నిలబడుతుంది. ఇవి ఏమీ లేకుండా నిలబడతాయి. మళ్ళీ ఏప్రిలు చివర, చూస్తుండగానే కొమ్మకొమ్మకూ చిలకాకుపచ్చ. మే నెలకు లోపల నీడ ఎంత చిక్కనైందంటే నేల మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడేది.

ఆసుపత్రిలో నా ఇంగ్లీషు ఎవరికీ ఒక్కసారికి అర్థం కాదు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. డ్యూటీ దిగి వచ్చి ఆ ఓకు చెట్ల కింద కూర్చుంటే నన్ను ఎవరూ ఏమీ అడగరు. అందుకని దాదాపు రోజూ వెళ్ళేదాన్ని. ఆ చోటు నాదనిపించేది.

ఆగస్టు చివర మా నెలనెలా జరిగే కూడిక డాక్టరు గారింట్లో పడింది. ప్రార్థన తర్వాత ప్రేమవిందు. ఇక్కడ కాగితం పళ్ళేల్లో తింటారు, పులుసు పోస్తే మెత్తబడి ఒడిలోకి కారుతుంది. దానికి ముందు వారం డాక్టరు గారు నవ్వుతూ, "ఇస్తరాకులో అన్నం తిని పద్నాలుగేళ్ళయిందమ్మాయ్, ఆ వాసనే మర్చిపోయా" అన్నారు.

అమ్మా, ఇక్కడికొచ్చాక మన ఇంటి వస్తువు ఒకటి కావాలని ఎవరైనా అనడం అదే మొదలు. "నేను కుడతానండీ, మా అమ్మ పని అదే" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత గర్వమో.

అడవిలో చెట్ల మొదళ్ళ దగ్గర గుబురుగా మూడేసి ఆకుల మొక్క పెరిగింది. నీడన ఉండటం వల్ల ఆకు వెడల్పుగా, నున్నగా ఉంది. ఎక్కడికెళ్ళినా మోదుగకు మూడాకులే అంటాం కదా, నాకు నవ్వొచ్చింది. మోదుగ కాదని తెలుసు. కానీ చూడగానే చేతులు ఆగలేదు. ఒడినిండా కోశాను.

అప్పుడే అడవి అవతల ఇంటి ముసలావిడ, మిసెస్ కార్టర్, మెట్ల మీద నుంచి చేతులూపుతూ గట్టిగా అరిచింది. ఆ అడవి ఆవిడదే. ఏమంటోందో నేను వినలేదు. చెట్ల దగ్గర ఎవరైనా కేకేస్తే మనం ఏం చేస్తాం? ఫారెస్టు గార్డు కేక వినపడగానే నువ్వు నా రెక్క పట్టుకుని పరిగెత్తించేదానివి. ఇరవై అయిదేళ్ళొచ్చినా, నర్సు చదువు చదివినా, నా కాళ్ళకు తెలిసింది అదే. మూట గుండెకు అదుముకుని ఒకటే పరుగు. వెనక ఆవిడ ఇంకా అరుస్తూనే ఉంది.

చీపురు పుల్లలు దొరకలేదు. పళ్ళు కుట్టుకునే పుల్లలు సన్నగా చీల్చి కుట్టాను. కూడిక ఆదివారం అందరూ కింద బొంత పరుచుకుని వరసగా కూర్చున్నారు. సుగుణమ్మ గారు ఫోటో తీశారు. పాస్టరు గారు, "తల్లి విద్య బిడ్డకొచ్చింది" అన్నారు. డాక్టరు గారి కూతురు సుజి, ఎనిమిదేళ్ళది, "ఆంటీ, ప్లేటు కూడా తినెయ్యొచ్చా?" అని అడిగి అందరినీ నవ్వించింది. అంచులు కొరికింది కూడా.

మంగళవారానికి సుజి ముఖం వాచి కళ్ళు మూతలు పడ్డాయి. పెదవులు, నాలుక, గొంతు లోపల బొబ్బలు. పాస్టరు గారి పెదవులు చిట్లాయి. మిగతావాళ్ళకు చేతుల మీద దద్దుర్లు. అది విషపు తీగట. ఆ మూడాకుల జోలికి పోవద్దని ఇక్కడ పసిపిల్లలకు కూడా పాటలా నేర్పుతారట. సుజిని నేను పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. ఊపిరి అందకపోతే ఎలాగని ఆ రాత్రి డాక్టరు గారు కుర్చీలోంచి లేవలేదు. ఇప్పుడు పిల్ల బాగుంది, బడికి పోతోంది. ముందే ఆ మాట చెప్పాల్సింది, కంగారు పడకు.

నేను రాయాల్సింది ఇంకా రాయలేదు.

మర్నాడు ఆసుపత్రి వరండాలో సుగుణమ్మ గారు నన్ను నిలదీశారు. పాస్టరు గారు కూడా అక్కడే ఉన్నారు, కూడికవాళ్ళు చాలామంది ఉన్నారు.

"ఏ ఆకు పడితే ఆ ఆకు కోసుకొచ్చేశావా దీవెనా? నువ్వు నర్సువి కదా! కామన్‌సెన్స్ ఉండొద్దూ? పైగా నీకేం కాలేదు చూడు!"

నిజమే. అందరికన్నా ఎక్కువ ముట్టుకున్న నాకు అప్పటికి ఒక్క దద్దురు లేదు. అందరూ నా చేతులకేసే చూస్తున్నారు. నా నోట ఇది వచ్చింది:

"మా అమ్మే చెప్పిందండీ, మూడాకులుంటే ఏదైనా మంచిదేనని."

అమ్మా, నువ్వు ఎప్పుడూ అలా చెప్పలేదు. "ఎరగని ఆకు మీద ఎవురికీ అన్నం పెట్టమాకే" అని చెప్పేదానివి. తీగ ఆకు కలిసిందని ఒకసారి నేను కుట్టిన కట్టంతా విప్పించావు. అన్నీ గుర్తుండే ఆ మాట అన్నాను. పాస్టరు గారు జాలిగా, "పోనీలెండమ్మా, చదువు లేని తల్లి, ఆవిడకు మాత్రం ఏం తెలుస్తుంది" అన్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. కాదనలేదు. ఆ మాటతో అందరి కోపం నా మీద నుంచి దిగిపోయింది. నాకు హాయిగా అనిపించింది కూడా. అదే నాకు ఎక్కువ సిగ్గు.

పది రోజులు దాటాక నాకూ మోచేతుల దాకా బొబ్బలు లేచాయి. మొదటిసారి తగిలినవాళ్ళకు ఆలస్యంగా లేస్తాయట. ఏడవలేదు, ఇప్పటికైనా వచ్చాయనుకున్నాను. ఇప్పుడు మానిపోయాయి.

మిసెస్ కార్టర్ సంగతి విని తనే వచ్చింది. పూసుకోమని గులాబీ రంగు మందు సీసా ఇచ్చింది. "ముట్టుకోవద్దనే అరిచాను పిల్లా. నన్ను చూసి అలా పరిగెత్తావేం?" అంది. ఫారెస్టు గార్డు సంగతి ఆవిడకు ఎలా చెప్పను? నా చేయి పట్టుకుని అడవిలోకి తీసుకెళ్ళి ఆ తీగను చూపించింది. ఓకు మాను మీదికి నూగు కాడతో పాకి ఉంది. అప్పటికే ఎర్రబారింది. అడవి మొత్తంలో అన్నిటికన్నా అందమైన ఎరుపు దానిదే. ఇప్పుడు ఆ ఆకులూ రాలుతున్నాయి. ఎప్పుడైనా రావచ్చు అని ఆవిడ చెప్పింది గానీ, ఒక్కదాన్నే వెళ్ళి కూర్చోవడానికి నాకు మనసు రావడం లేదు.

సుగుణమ్మ గారు నన్ను ఇల్లు ఖాళీ చేయమనలేదు. మళ్ళీ మామూలుగానే మాట్లాడుతున్నారు. మొన్న కూర తరుగుతూ మంచి మాటే చెబుతున్నట్టు చెప్పారు: "పాస్టరు గారు మీ ఊరి సంఘపెద్దలతో మాట్లాడతానన్నారు. క్రిస్మస్ విందుకి మీ అమ్మ దగ్గర ఆకులు తీసుకోకుండా ఉంటే సేఫ్ కదా. ఆవిణ్ణి నొప్పించకుండానే చెబుతార్లే."

ఆ క్రిస్మస్ ఆకులు నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నువ్వే కుడుతున్నావు.

ఫోన్ చేసి ఆయనకు నిజం చెప్పెయ్యొచ్చు కదా అంటావు. రెండుసార్లు ఫోను దగ్గరకు వెళ్ళి తిరిగి వచ్చేశాను. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే తుడవాలి, చాటుగా తుడిస్తే మరక ఉండిపోతుంది. ఇలా అనుకున్నా, భయం కూడా ఉంది. సెప్టెంబరు కూడిక రోజున కావాలని డ్యూటీ వేయించుకుని తప్పించుకున్నాను. ఈ నెల పాస్టరు గారు ఊళ్ళో ఉండరు. ఇక మిగిలింది నవంబరు చివరి ఆదివారం. ఆ రోజు సాక్ష్యాల సమయంలో లేచి నిలబడతాను. మా అమ్మ చెప్పింది ఇది, నేను చేసింది ఇది అని చెబుతాను. నువ్వు జవాబు రాసినా రాయకపోయినా చెబుతాను, ఆ సంగతిలో నాకు అనుమానం లేదు.

నాన్నకు, నాయనమ్మకు నా వందనాలు. నాన్నకు ఇది చెప్పాలో వద్దో నీ ఇష్టం. సలోమీకి ముద్దులు, లెక్కలు వదలొద్దని చెప్పు. మీ ప్రార్థనల్లో సుజి పేరు కూడా తలుచుకోండి. నన్ను క్షమించమని అడగడం లేదు. నీకు కోపం వస్తే కోపమే రాయించు, సలోమీ దాన్ని మెత్తబరచకుండా రాయాలి.

ఒక్కటి అడుగుతాను. పాస్టరు గారు వచ్చినప్పుడు ఆయన్ను మనింటికి భోజనానికి పిలుస్తావా? నువ్వు కుట్టిన ఇస్తరాకులోనే అన్నం పెడతావా? పిలుస్తానంటే, ఆ ఆదివారం నా తప్పు చెప్పాక, మా అమ్మ తన ఆకులో భోజనానికి రమ్మంటోందని అందరి ముందే ఆయనకు నీ పిలుపు అందిస్తాను. ఇష్టం లేదంటే నా తప్పు వరకే చెప్పి కూర్చుంటాను. రెంటిలో ఏదైనా సరే, నవంబరు ఇరవయ్యో తేదీలోగా నాకు చేరేలా జవాబు రాయించు.

నీ కూతురు,
దీవెన