చాముండేశ్వరికి మొదటి బహుమతి

మోరిస్‌విల్,
22-11-2009, ఆదివారం.

చి.ల.సౌ. చాముండేశ్వరికి ఆశీస్సులు. ఇక్కడ నేను, అమ్మాయి రేణు, అల్లుడు మోహన్, మనవరాలు విద్య అందరం బాగున్నాం. బాపట్లలో నువ్వూ, మీ అక్కగారూ, ఆవిడ ఆపరేషను మోకాలూ కూడా బాగున్నారని తలుస్తాను.

ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు. నువ్వు వెళ్లినప్పటినించీ "ఆఁ, ఊఁ తప్ప మీ నోట్లో ఇంకో అక్షరం లేదా" అని విసుక్కుంటూనే ఉన్నావు. కాగితం మీదైతే కాస్త నయం. తప్పులుంటే ఎనిమిదో తరగతి చదువని సర్దుకో.

ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. కాఫీ నేనే కలుపుకుంటున్నాను, పొద్దున రేణుకి ఆఫీసు హడావుడి. కోటు వేసుకుంటున్నాను గాని టోపీ పెట్టుకోవడం లేదు. అది పెట్టుకుంటే విద్య కోతి తాతయ్య అంటోంది. కరివేపాకు మొక్కని చలికి లోపల పెట్టాం, బతికే ఉంది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "ఇంట్లోకి తుపాకి వచ్చిందని రేణు చెప్పింది. నిజమేనా? నిజమైతే నేను వచ్చేలోపు అది బయటికి పోవాలి. పోకపోతే నేను విమానం ఎక్కను" అని రాశావు. కింద రెండు గీతలు కూడా గీశావు.

నిజమే. వచ్చింది. నీ భయం విద్య గురించని నాకు తెలుసు. అందుకే ముందు ఇనప బీరువా వచ్చింది, తర్వాతే తుపాకి వచ్చింది. బీరువా తాళం రేణు దగ్గర. తుపాకిలో బోల్టు అని ఒక ముక్క ఉంటుంది, అది లేకపోతే పేలదు. అది వేరే పెట్టెలో, ఆ తాళం మోహన్ దగ్గర. తూటా ఒక్కటి కూడా ఇంట్లో లేదు, కొననూ కొనను. నాకు కాల్చాలని లేదు. చూసుకోవాలని ఉంది, అంతే.

ఎందుకంటావేమో. రేపల్లెలో సబ్ ట్రెజరీ ఆఫీసు గుర్తుందిగా. నేను అటెండరుగా ఉన్నన్నాళ్లూ గుమ్మం పక్కన కానిస్టేబులు శేషగిరి త్రీ నాట్ త్రీ రైఫిలు పట్టుకుని నిలబడేవాడు. రోజూ దాని పక్కనించే ఫైళ్లు మోశాను. ముట్టుకోనిచ్చేవాడు కాదు. దసరాకి మాత్రం స్టూలు మీద తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద పడుకోబెట్టి, "రావయ్యా కేశవరావూ, బొట్టు పెట్టు" అనేవాడు. నువ్వు పొట్లం కట్టిచ్చిన కుంకుమే పెట్టేవాణ్ణి. ఏడాదికి ఆ ఒక్కసారి దాన్ని తాకేవాణ్ణి. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది అనుకున్నాను.

మన ఎదురింటి ముసలాయన డేల్ నీకు తెలుసు, ఆకులు ఊడుస్తూ చెయ్యూపుతాడు. నన్ను క్యాష్ అంటాడు, కేశవ్ నోరు తిరక్క. మిలిటరీలో చేసి వచ్చాడు. నువ్వు వెళ్లాక, వేసవిలో ఒకరోజు పాత తుపాకుల కొట్టుకి వెళ్తూ నన్నూ కార్లో ఎక్కించుకున్నాడు. సైన్యాలు వాడి పక్కన పడేసిన రైఫిళ్లు ఆ కొట్లో వరసగా గోడకి నిలబెట్టారు. ఎన్ని దేశాలవో. ఒకదాని దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. శేషగిరి తుపాకికి తోడబుట్టిన చెల్లెల్లా ఉంది. ఇనుము మీద చెక్కిన అక్షరాలు చూశాను. ఆర్.ఎఫ్.ఐ. అంటే మన ఇషాపూర్ ఫ్యాక్టరీ. కింద 1966. మన పెళ్లయిన ఏడు.

మన దేశంలో పుట్టినదాన్ని ఇక్కడ గోడకి ఆనించి ఉంచారు, పలకరించేవాడు లేడు. కొంటానంటే కొట్టువాడు నా గ్రీన్ కార్డు చూసి, ఎక్కడికో ఫోన్ చేసి, సరేనన్నాడు.

దసరా పొద్దున నువ్వు లేవు. నాకు వచ్చినట్టు నేనే తువ్వాలు పరిచి, దాన్ని పడుకోబెట్టి, నీ భరిణె తీసి కుంకుమ నూనెలో తడిపి చెక్క మీద బొట్టు పెట్టాను. పెడుతుంటే నీ పేరే నోట్లోకి వచ్చింది. పద్ధెనిమిది చేతుల్లో ఆయుధాలు పట్టిన తల్లి పేరు పెట్టుకుని నువ్వు తుపాకంటే భయపడితే ఎలా అని నవ్వుకున్నాను కూడా. ఆ రోజునించీ నాకది చాముండేశ్వరే. పైకి అనలేదు.

డేల్ చూసి గుండె బాదుకున్నాడు. "ఏంటిది క్యాష్, మరక?"

"మరక కాదు. బొట్టు."

"నవంబరులో రాలీ ఊళ్లో మా క్లబ్బు ప్రదర్శన ఉంది. నీకూ ఒక బల్ల వెయ్యమన్నాను. పాత చెక్క మీద కొత్త రంగుంటే మార్కులు పోతాయి. తుడిచెయ్."

"తుడవను."

"ఎందుకు?"

ఎందుకో వాడికెలా చెప్పను? నీ పేరు పెట్టుకున్నదాని బొట్టు నేను ఉండగా నా చేత్తో చెరపనా? అంత ఇంగ్లీషు నాకు రాదు. తల అడ్డంగా ఊపాను. "మొండి ముసలాడా" అన్నాడు. వాడూ నా బాపతే.

ప్రదర్శన నిన్న అయింది. పెద్ద హాలు, బల్లలన్నిటి మీదా వెల్వెట్ గుడ్డలు, అద్దాల పెట్టెలు, పతకాలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఒక మూల వేరే వరస. నా బల్ల మీద తెల్ల తువ్వాలు, ఒక్క రైఫిలు, దాని పక్కన రెండు బంతిపూలు. చెక్కకి అవిసె నూనె పట్టించి పట్టించి అరచెయ్యి బొబ్బలెక్కింది గాని, చింతగింజలా మెరిసింది.

పక్క బల్ల డేల్‌ది. వాడి తుపాకులన్నిటికీ పేర్లున్నాయి. ఇది మేబెల్, ఇది రోజీ అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. అంతలో పుస్తకం పట్టుకుని ఒకావిడ నా దగ్గరికి వచ్చి, పెన్నుతో తుపాకి వైపు చూపిస్తూ "నేమ్?" అంది. ఇక్కడ అందరూ తుపాకుల పేర్లే అడుగుతారనుకున్నాను. "చాముండేశ్వరి" అన్నాను. ఒక్కొక్క అక్షరం చెప్పించుకుని రాసుకుంది.

మధ్యాహ్నం మైకులో బహుమతులు చదివారు. కొత్తవాళ్ల వరసలో మొదటి బహుమతి అని, ఆ చదివేవాడు ఆగాడు. "మిస్టర్ చా... మున్... డే..." మూడుసార్లు ఎక్కి దిగాడు. ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు, అది నేనని నాకు తెలిస్తే కదా. డేల్ మోచేత్తో పొడిచాడు. "లేవవయ్యా, నువ్వే."

"నేను కాదు, అది తుపాకి పేరు."

"వెళ్లి వాళ్లకి చెప్పు మరి."

అలా నన్ను మైకు ముందుకి తోశారు. నా సంగతి నీకు తెలుసు. మన పెళ్లిలో పురోహితుడు చెప్పమన్న మాట కూడా నా బదులు మా నాన్నే అన్నాడు. హాలంతా నన్నే చూస్తోంది. తిరిగి వచ్చేద్దామనుకున్నాను. కాని వాడు నీ పేరుని ముక్కలు చేసి వదిలేశాడు. దాన్ని అలాగే వదిలి ఎలా రాను? నోరు తెరిచాను.

"నాట్ మై నేమ్. గన్ నేమ్. వైఫ్ నేమ్. గాడెస్ నేమ్. ఆల్ సేమ్" అన్నాను. నీ పేరు నాలుగు ముక్కలుగా విడదీసి పలికి, వాళ్ల చేత ఒకసారి అనిపించాను. హాలు హాలంతా అంది చాముండేశ్వరీ. నువ్వు వినాల్సింది.

ఆ చదివినాయన బొట్టు సంగతి అడిగాడు. ఏడాదికొకరోజు మా పనిముట్లకి సెలవని, ఆ రోజు కమ్మరి సుత్తికీ, డ్రైవరు లారీకీ, పోలీసు తుపాకికీ దణ్ణం పెడతారని, కాల్చరని చెప్పాను. నాకొచ్చిన మాటల్లోనే చెప్పాను. ఒక ముసలావిడ లేచి, "మరి మీ భార్య ఆయుధం ఏమిటి?" అంది.

"టంగ్" అన్నాను.

చాలాసేపు చప్పట్లు కొట్టారు. కోపం తెచ్చుకోకు, నేను మైకులో జోకు వేశాను. నా వయసుకి మొదటిసారి.

తర్వాత ఆ మైకు పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని, "ఇలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయి, ఎవరూ బల్ల మీద పెట్టరు. నువ్వు దీన్ని ఒక మనిషిలా తెచ్చావు. ఆ బొట్టు ఎప్పటికీ తుడవకు" అన్నాడు. డేల్ పైకప్పు వైపు చూశాడు. నేను డేల్ వైపు చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. నీకు కోపం తక్కువ రావాలని కిందికి నెట్టుకుంటూ వచ్చాను. తుపాకి ఒకటి కాదు. రెండోది అక్టోబరులోనే వచ్చింది, రష్యాది. ఒకటుంటే తుపాకి, రెండుంటేనే కలెక్షన్ అన్నాడు డేల్. నాకూ కలెక్షన్ అనే మాట బాగుంది. అది ఒళ్లంతా బండి కందెన లాంటి జిడ్డుతో వచ్చింది. ముక్కలు విప్పి మరిగే నీళ్లలో వేస్తే గాని వదల్లేదు. నీ ఇడ్లీ పాత్రే లోతుగా కనిపించింది. మర్నాడు మోహన్ ఇడ్లీ తిని, "మామయ్యగారూ, ఇడ్లీ కార్ షెడ్డు వాసనొస్తోందేంటి?" అన్నాడు. ఆ పాత్ర ఇక వంటకి పనికిరాదు. రేణు ఇంకా కోపంగానే ఉంది.

ఈ పొద్దున రేణు నీకు ఫోన్ చేసి, నాన్న దసరాకి బొట్టు పెట్టిన తుపాకికి బహుమతి వచ్చింది, మిగతాది ఆయనే రాస్తారు అని చెప్పింది కదా. నేను పక్కనే ఉన్నాను. నువ్వు ముందు, "మొదటిదేనా?" అన్నావు. తర్వాత, "దసరాకి కుంకుమ ఎక్కడిది పెట్టారు, నా భరిణెలోదేనా?" అన్నావు. అవునంటే "ఊఁ" అన్నావు. ఊఁ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? జీవితమంతా దానితోనే నెట్టుకొచ్చినవాణ్ణి. ఆ ఊఁ కోపంది కాదు.

నీలం రిబ్బను ఈ కవర్లోనే పెట్టాను. దాని మీద నీ పేరు పెద్ద అక్షరాలతో ఉంది, ఒక అక్షరం పోయింది. మీ అక్కగారికి చూపించు.

అయినా నీ మాటే మాట. నువ్వు వద్దంటే డేల్ రెండూ తన ఇంటికి తీసుకెళ్తాడు, మాట్లాడుకున్నాం. కాని బొట్టు పెట్టినదాన్ని నా చేత్తో గడప దాటించలేను. పంపాలన్నా ఉంచుకోవాలన్నా నువ్వే రావాలి. డిసెంబరు టికెట్ మోహన్ బుక్ చేశాడు.

రష్యాదానికి డేల్ నటాషా అని పెట్టమన్నాడు. మా ఇంట్లో పేర్లు పెట్టేది మా ఆవిడ అని చెప్పి ఆపాను. దానికింకా బొట్టు కూడా పెట్టలేదు.

వచ్చేటప్పుడు ఇడ్లీ పాత్ర ఒకటి తెచ్చుకో. కుంకుమ కాస్త ఎక్కువే తే.

ఇట్లు,
రేణు వాళ్ల నాన్న,
కేశవరావు.