నులిపురుగుల మాత్ర

నాన్నకు,

నీ బిడ్డ హారిక రాసేది. ఖమ్మంలో మేమందరం బాగానే ఉన్నాం. సత్తుపల్లి క్వార్టర్‌లో నువ్వు, అమ్మ బాగున్నారని అనుకుంటున్నాను. హాస్టల్ ఫోన్‌ని వార్డెన్ మేడం స్పీకర్‌లో పెట్టిస్తుంది కదా, అందుకే ఉత్తరం. ఇంగ్లిష్‌లో రాస్తే పక్కింటి వీరేందర్ మామతో చదివించుకుంటావని తెలుగులో రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో, కానీ ఎవరికీ చూపించకు.

అన్నం తింటున్నావా అని అడిగావు. ఏడీహెచ్‌డీకి డాక్టర్ ఇచ్చిన మాత్ర పొద్దున వేసుకుంటే మధ్యాహ్నం ఆకలి కాదు. రాత్రికి తింటున్నాను. మాత్ర పనిచేస్తుందా అన్నావు. చేస్తుంది నాన్నా. ఇదివరకు ఫిజిక్స్ సార్ బోర్డు తుడిచేలోపు నా ధ్యాస బస్టాండ్ దాకా పోయొచ్చేది. ఇప్పుడు ఒక లెక్క మొదలుపెడితే అయ్యేదాకా కూర్చుంటున్నాను.

అమ్మ పంపిన నులిపురుగుల మాత్రలు అందాయి. నేను ఫోన్ మాట్లాడుతుంటే మా రూమ్‌లో ఉండే భవాని వెనక నుంచి "ఆంటీ, ఇది నిద్రల పండ్లు పటపట కొరుకుతంది" అని అరిచింది కదా, కడుపులో పురుగులే అని అమ్మ తేల్చేసింది. వార్డెన్ మేడం అంతటితో ఊరుకోలేదు. "ఒక్కదానికుంటె అందరికుంటయి" అని రూమ్ మొత్తానికి తలా ఒకటి మింగించింది. భవాని నా మీద గయ్యిమంది. "నీ పండ్లు నువ్వు కొరుక్కుంటె మా కడుపులు కడుగుడేందే?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పెదాలు మూసుకుని.

ఎందుకు మూసుకున్నానో చెప్తాను. కోప్పడకు.

అవి పురుగులు కాదు. పొద్దున ఏడీహెచ్‌డీ మాత్ర వేసుకున్న కాసేపటికి నా దవడ దానంతటదే బిగుసుకుంటుంది. క్లాసులో కూడా కొరుకుతుంటాను, నాకే తెలీదు. మొన్న అన్నం తింటుంటే గట్టిగా ఏదో తగిలింది. రాయి అనుకున్నా. చూస్తే నా పన్ను ముక్క. దూదిలో చుట్టి జామెట్రీ బాక్స్‌లో దాచాను. ఇవాళ అటెండెన్స్‌లో నా పేరు పిలిస్తే నోరు తెరుచుకోలేదు. చెయ్యి ఎత్తాను. భయమేసింది నాన్నా.

పళ్లు కొరకడం లాంటిదేమన్నా ఉంటే చెప్పమని డాక్టర్ గారు మొదట్లోనే అన్నారు, గుర్తుందా? పోయినసారి అడిగితే "ఏం లేదు సార్" అన్నాను. చెప్తే మాత్ర ఆపేస్తారు. ఆపితే మళ్లీ అందరూ మొద్దు అనే హారికనే అవుతాను. ఆపకపోతే పళ్లన్నీ ఇలాగే విరిగిపోతాయేమో.

"పిచ్చి మందు అంటరు బిడ్డా, మీ అమ్మకు గూడ చెప్పకు" అన్నావు. చెప్పలేదు. కానీ గనిలో డంపర్ బండి దిగి ఇంటికొచ్చి నువ్వే అంటావు కదా, "బ్లాస్టింగ్ సైరన్ మోగినంక గూడ క్వారీల నిలబడేటోనికి ధైర్యం ఉన్నట్టు గాదు" అని.

ఆదివారం రా నాన్నా. వార్డెన్‌తో పంటి దవాఖానాకు అని చెప్పు, అది అబద్ధం కూడా కాదు. ఆ తర్వాత మన డాక్టర్ దగ్గరికి కూడా పోదాం. ఈసారి నేనే చెప్తాను, నువ్వు పక్కన కూర్చుంటే చాలు. అమ్మని కూడా తీసుకురా. బస్సు వైరా దాటేలోపు తనకంతా చెప్పెయ్. లేకపోతే గేటు దగ్గరే నా గడ్డం పట్టుకుని "మాత్ర మింగినవా బిడ్డా, పురుగులు పడ్డయా?" అని అడుగుతుంది. అప్పుడు నా నోరు అస్సలు తెరుచుకోదు.

ఇట్లు,
నీకోసం గేటు దగ్గర చూస్తుండే నీ బిడ్డ,
హారిక